ఆరు నెలల గీత: ముదిరిన గుండె వైఫల్యంలో హాస్పీస్ అర్హత మీద ఒక కేస్ స్టడీ

రోగి 66 ఏళ్ళ రైతు. చిత్తూరు జిల్లాలో పూతలపట్టు వైపు పల్లె. మూడెకరాల మామిడి తోట, అందులో ఎక్కువ తోతాపురి. ఒకప్పుడు చెరకు కూడా వేసి ఇంటి దగ్గరే బెల్లం వండించేవాడు. ఇంట్లో భార్య, ఆయన. కూతురు చిత్తూరులో, కొడుకు బెంగళూరులో. తిరుపతి నుంచి ఇళ్ళకు వెళ్ళి చూసే మా పాలియేటివ్ (ఉపశమన చికిత్స) బృందం ఆయన్ని చూసుకుంది. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

నాలుగేళ్ళ కిందట పెద్ద గుండెపోటు. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి తెల్లారింది. స్టెంట్ వేశారు గానీ ముందువైపు కండరం అప్పటికే దెబ్బతింది. గుండె ఒక్కో దెబ్బకి ఎంత రక్తం బయటికి నెడుతోందో చెప్పే ఈఎఫ్ 25 శాతం. మా వైపు దీన్ని పంపింగ్ అంటారు, ఆ ఇంట్లో అందరికీ ఆ అంకె కంఠతా వచ్చు. రెండేళ్ళకి తోటలో తెలివి తప్పి పడిపోతే వెంట్రిక్యులర్ టాకీకార్డియా, అంటే గుండె లయ తప్పి ప్రమాదకరమైన వేగంతో కొట్టుకోవడం, అని తేలింది. లయ తప్పినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చే ఐసీడీ పెట్టారు. దానికోసం చేసిన అప్పు మేం మొదటిసారి చూసేనాటికి ఇంకా తీరలేదు.

ఈ కేసు రాయడానికి కారణం, ఆయన్ని హాస్పీస్‌లోకి, అంటే జబ్బు నయం కాని చివరి దశలో బాధ తగ్గించడానికి చేసే సేవలోకి, చేర్చుకోవాలా అన్న ప్రశ్న మాకు రెండుసార్లు ఎదురవడం. మొదటిసారి అందరూ చేర్చుకోమన్నారు, మేం వద్దన్నాం. రెండోసారి ఎవరూ అడగలేదు, మేమే చేర్చుకుందామన్నాం.

ఉగాది నాడు

ఉగాదికి ముందు వారం ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఐసీయూలో పడ్డాడు. బీపీ 90/60, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 2.6, ఎకోలో ఈఎఫ్ 18. వాపు తొడల దాకా ఎక్కింది. నాలుగో రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళు కొడుకుని పక్కకు పిలిచి, ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. కొడుకు మాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే: "మా నాయన్ని మీ దగ్గర చేర్చుకుంటారా సార్?"

చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను మొదట అడిగేది రిపోర్టుల ఫైలు కాదు, మందుల సంచి. ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కవర్ మంచం మీద కుమ్మరిస్తే సగం కథ అందులోనే ఉంటుంది. ఈయన కవర్లో మూత్రం బిళ్ళ టార్సెమైడ్ షీటు మీద తేదీ చూస్తే అది నెల కిందటే అయిపోయి ఉండాలి, సగం బిళ్ళలు అట్లే ఉన్నాయి. రాత్రిపూట ఊరికే లేవాల్సి వస్తోందని మానేశాడట. దాని పక్కనే డైక్లోఫెనాక్ షీట్లు మూడు. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో మెడికల్ షాపువాళ్ళు ఇచ్చారు, పూటకొకటి చొప్పున మూడు వారాలుగా మింగుతున్నాడు. ఆ మందు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, మూత్రం బిళ్ళల్ని పనిచేయనివ్వదు, కిడ్నీని దెబ్బతీస్తుంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్ళని ఐసీయూకి చేర్చే కారణాల్లో నా అనుభవంలో దీనికి పెద్ద పీట. వీటికి తోడు హిమోగ్లోబిన్ 8.4, ఇనుము అడుగంటింది. సంగటిలోకి రెండు పూటలా కొత్త ఆవకాయ.

ఇవన్నీ సరిచేయగలిగినవి. కార్డియాలజీ వాళ్ళతో మాట్లాడి నొప్పి బిళ్ళ ఆపించాం. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ డ్రిప్, నరంలోకి ఇనుము ఇచ్చారు. కిడ్నీ కోలుకున్నాక గుండెని కాపాడే మందులు స్పిరోనోలాక్టోన్, తక్కువ మోతాదులో ఎనలాప్రిల్, కార్వెడిలాల్ మళ్ళీ మొదలుపెట్టారు. క్రియాటినిన్ 1.5కి దిగింది. మామిడి సీజన్‌లో ఆయనే దగ్గరుండి దామలచెరువు మండీకి కాయ పంపించాడని కొడుకు చెప్పాడు.

ఉగాది నాటి కాగితాల మీద మాత్రం హాస్పీస్ అర్హతకి ఆయనలో లోటేమీ కనబడదు. మంచం మీద కదలకుండా ఉన్నా ఆయాసం, అంటే గుండె వైఫల్యం తీవ్రతని కొలిచే ఎన్‌వైహెచ్‌ఏ పద్ధతిలో అన్నిటికంటే చెడ్డదైన నాలుగో తరగతి. ఈఎఫ్ 20 కంటే తక్కువ. ప్రాణాంతకమైన లయ దోషం వచ్చిన చరిత్ర. అమెరికాలో గుండె రోగుల హాస్పీస్ అర్హతకి వాడే కొలమానాల్లో ఇవన్నీ ఉన్నాయి. అయితే ఆ జాబితాలోనే అందరి కళ్ళూ దాటిపోయే మాట ఒకటుంది: ఇవ్వాల్సిన మందులన్నీ సరైన మోతాదులో ఇచ్చి చూసిన తర్వాత కూడా రోగి ఈ స్థితిలోనే ఉండాలి. ఈయన విషయంలో అది జరగనే లేదు. ఐసీయూలో మనిషి ఎంత దిగజారి కనిపించాడన్నది నన్ను తొందరపెట్టకూడదని అందుకే అనుకుంటాను. గుండె రోగి అందరికంటే ఘోరంగా కనిపించే రోజు చాలాసార్లు హాస్పీస్‌లో చేర్చుకోవాల్సిన రోజు కాదు.

ఆ ఆరు నెలలు ఎక్కడివి

మన దగ్గర చాలా ఫారాల్లో 'ఆరు నెలల లోపు ఆయుష్షు' అని ఒక గడి కనిపిస్తుంది. అది అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నుంచి వచ్చింది. అక్కడ 1982లో చట్టం చేసి హాస్పీస్‌ని మెడికేర్ బీమా కిందికి తెచ్చారు. జబ్బు తన మామూలు దారిలో సాగితే ఆరు నెలలు లేదా అంతకంటే తక్కువే బతుకుతారని మొదట ఇద్దరు డాక్టర్లు, అంటే హాస్పీస్ వైద్యుడు, రోగిని చూస్తున్న వైద్యుడు, సంతకం చేయాలి. రెండు విడతలు తొంభై రోజుల చొప్పున, ఆ తర్వాత అరవై రోజుల చొప్పున ఎన్నిసార్లయినా పొడిగించవచ్చు. బదులుగా ఆ జబ్బును నయం చేసే చికిత్సకి బీమా సొమ్ము వదులుకోవాలి. అంటే అది డబ్బు కట్టేవాడు వేసుకున్న కంచె. మన దగ్గర అలా సర్టిఫికెట్ చూసి హాస్పీస్‌కి డబ్బు కట్టే బీమా లేదు. కంచె కట్టినవాడు లేని చోట కంచె మాత్రం నిలబెట్టుకున్నాం.

పైగా గుండె జబ్బులో ఆ అంకె నిలబడదు. 1999లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. ముదిరిన గుండె, ఊపిరితిత్తుల, కాలేయ జబ్బులతో ఆసుపత్రుల్లో చేరినవాళ్ళకి ఇలాంటి కొలమానాలే పెట్టి చూస్తే, అన్నిటికంటే కఠినమైన కొలమానానికి సరిపోయినవాళ్ళలో కూడా సగానికి పైగా ఆరు నెలలు దాటి బతికారు. క్యాన్సర్‌లో చివరి నెలల దిగుడు కంటికి కనిపిస్తుంది. వారం వారం చూస్తూ ఉంటే మన నోటికొచ్చే అంకె గుండె జబ్బులోకంటే తక్కువ తప్పుతుంది. గుండె వైఫల్యంలో రోగి పడతాడు, లేస్తాడు, మళ్ళీ పడతాడు. లేచిన ప్రతిసారీ ముందటి కంటే ఒక మెట్టు కిందే ఉంటాడు గానీ లేచాడన్న సంతోషంలో అది ఎవరికీ కనబడదు. మధ్యలో ఏ రోజైనా లయ తప్పి నిద్రలోనే పోవచ్చు. ఇంత ఎత్తుపల్లాల జబ్బులో ఇన్ని నెలలని సంతకం చేయమంటే నిజాయితీ ఉన్న డాక్టరు చేయడు. చేయడు కాబట్టి రోగి ఐసీయూ నుంచి ఐసీయూకి తిరుగుతూనే పోతాడు.

కార్తీకం

వినాయక చవితి తర్వాత రెండున్నర నెలల్లో మూడుసార్లు ఆసుపత్రిలో చేరాడు. ఈసారి మందుల కవర్లో దొంగలెవరూ లేరు. కూతురు బిళ్ళలు డబ్బాల్లో సర్ది, రోజూ ఫోన్ చేసి మింగించేది. ఉప్పు తగ్గించారు. హిమోగ్లోబిన్ 11, థైరాయిడ్ మామూలే. అయినా టార్సెమైడ్ 100 మిల్లీగ్రాములకి పెంచి, మూత్రం తెప్పించే ఇంకో మందు మెటోలజోన్ కలిపినా వాపు తగ్గలేదు. బీపీ 82/56కి పడిపోతుంటే ఎనలాప్రిల్ ఆపారు, తర్వాత కార్వెడిలాల్ కూడా. సోడియం 124. క్రియాటినిన్ 2.3 దగ్గర ఆగిపోయింది. ఐసీడీ ఒకే వారంలో రెండుసార్లు షాక్ కొట్టింది, లయని అదుపు చేసే అమియోడరోన్ మొదలుపెట్టారు. గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ డ్రిప్ ఆపబోతే ఒకసారి మూత్రం బందయింది. రెండోసారి బాగా నెమ్మదిగా తగ్గించి, బీపీ 80ల్లోనే ఉన్నా మూత్రం వస్తోంది కదా అని ఇంటికి పంపారు.

ఈ వరసలో ప్రతిదీ ఒక గుర్తే. మాటిమాటికీ అడ్మిషన్, మూత్రం బిళ్ళలకి లొంగని వాపు, గుండెని కాపాడే మందుల్ని తట్టుకోలేని బీపీ, తగ్గే సోడియం, చెడే కిడ్నీ, షాక్‌లు. ఒక్కోటి విడిగా వచ్చినప్పుడు ఒక సర్దుబాటు చేసి చూద్దాం అనిపిస్తుంది. అన్నీ ఒకే రోగిలో, సరిచేయగలిగిన కారణం ఏదీ లేకుండా పేరుకున్నప్పుడు సర్దడానికి ఇక చోటు లేదని అర్థం. గుండె మార్పిడి, గుండెకి సాయంగా రక్తం పంప్ చేసే ఎల్‌వాడ్ పరికరం సంగతి కూడా గుండె నిపుణులతో మాట్లాడించాం. వయసు, కిడ్నీలు, ఊపిరితిత్తుల్లో పెరిగిన ఒత్తిడి చూసి కుదరదని వాళ్ళు రాసిచ్చారు. ఆ కాగితం లేకుండా నేను ముందుకు పోను. ఆ తలుపు తట్టి చూశామన్నది కుటుంబానికి తర్వాత చాలా ఏళ్ళు పనికొస్తుంది.

చిత్రమేమిటంటే ఈ రోజుల్లో మనిషి చూడ్డానికి ఉగాది నాటికంటే నయంగా ఉన్నాడు. కుర్చీలో కూర్చుని మాట్లాడేవాడు. బరువు 54 కిలోలు, రెండేళ్ళ కిందట 63. ఆ 54లో కాళ్ళ నీరెంతో కూడా లెక్క కట్టాలి. కణతలు లోపలికి పోయాయి, చొక్కా పై గుండీ పెట్టినా మెడ పక్కన నాలుగు వేళ్ళు దూరేవి. కార్డియాలజిస్టు ఇంకొంచెం చూద్దామన్నారు. కొడుకైతే, "ఉగాదికి గూడా ఇట్లే అన్న్యారు సార్, లేచి మండీకి పోలా?" అన్నాడు. కోలుకున్న చరిత్రే ఈ జబ్బులో అడ్డం తిరుగుతుంది.

రోగిని అడిగాను, రాత్రులు ఎట్లా గడుస్తున్నాయని.

"పండుకుంటే నీళ్ళల్లో ముంచి పట్టినట్టుంటాది సార్. కూచుంటే నడుములు పడిపోతాయి. ఆయమ్మ వీపు ఆనిచ్చుకోని కూచుంటాది, తెల్లార్లూ."

భార్య మాట కలపలేదు. ఆమెకీ నడుం నొప్పే. అడిగితే తల మాత్రం ఊపింది.

"పెద్దాయనా, మళ్ళీ ఆసుపత్రికి పోవాల్సొస్తే ఏం చేద్దాం?"

"ఈడనే చూడండి సామీ. గొట్టాలొద్దు. ఆ షాక్ ఇంకొగసారి కొడితే నేను తట్టుకోలేను."

మేం నిర్ణయించుకున్నది ఈ మాటల మీదే. సరిచేయగల కారణం మిగల్లేదు. ఇవ్వాల్సిన మందు ఇచ్చి చూశారు, తట్టుకోలేక ఆపారు. ఆయన పడుతున్న బాధ ఓపీలో నెలకోసారి చూస్తే తీరేది కాదు. ఆయనకి ఏం కావాలో ఆయనే చెప్పాడు. ఏడాదిలోపు ఈ మనిషి పోతే నేను ఆశ్చర్యపోతానా అని కూడా నన్ను నేనే ప్రశ్నించుకున్నాను, ఆశ్చర్యపోను. ఎన్ని నెలలన్న ప్రశ్న మాత్రం మా ఫైల్లో ఖాళీగానే ఉండిపోయింది. అంతకుముందు మంచం దొరుకుతుందేమోనని కూతురు ఒక హాస్పీస్‌కి ఫోన్ చేస్తే, క్యాన్సర్ ఏ స్టేజో చెప్పమన్నారట. గుండె జబ్బండీ అంటే, ఆరు నెలలని డాక్టరుతో రాయించుకు రమ్మన్నారు.

ఏం చేశాం

క్యాన్సర్ హాస్పీస్ అలవాటున్న నర్సులకి నేను మొదట చెప్పేది, గుండె మందులు ఆపే తొందర వద్దని. మూత్రం బిళ్ళే ఇక్కడ ఉపశమనం మందు. టార్సెమైడ్ కొనసాగించాం, వారానికి రెండు రోజులు మెటోలజోన్ 2.5 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఆపేశాం, దాని ఫలం కొన్నేళ్ళ తర్వాతది. అమియోడరోన్ ఉంచాం. రోజూ పొద్దున మూత్రానికి పోయొచ్చాక బరువు చూసి కూతురికి చెప్పాలి, రెండు కిలోలు పెరిగితే మాకు ఫోన్ చేయాలి.

ఆయాసానికి మార్ఫిన్. కిడ్నీ బాగోలేనివాళ్ళలో ఇది ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి 2.5 మిల్లీగ్రాములతో, ఎనిమిది గంటలకొకసారి మొదలుపెట్టాం. పది మిల్లీగ్రాముల బిళ్ళని నాలుగు ముక్కలు చేయడం భార్యకి నేర్పాం, తోడుగా విరేచనం మందు తప్పనిసరి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు మార్ఫిన్ ఉంచుకోవడం సులువైంది, అయినా చాలామంది గుండె డాక్టర్లు అది రాయడానికి జంకుతారు. మూడో రాత్రి ఆయన పడక కుర్చీలో వెనక్కి వాలి నాలుగు గంటలు నిద్రపోయాడు. ఆ రాత్రి ఆయమ్మ కూడా పడుకుంది.

కొడుకు బెంగళూరు నుంచి ఆక్సిజన్ మిషన్ అద్దెకి తెస్తానన్నాడు. ఆక్సిజన్ 95 ఉన్నవాడికి దానివల్ల ఒరిగేదేం లేదు. టేబుల్ ఫ్యాన్ గాలి మొహానికి తగిలేటట్టు పెట్టించాం, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాం. నీళ్ళు రోజుకి లీటరున్నర. ఉప్పు విషయంలో పట్టు కొంత సడలించాం: సంగటిలోకి ఊరిబిండి కొంచెం వేసుకోనిచ్చాం, ఆవకాయ మాత్రం వద్దన్నాం. తిండే సహించని మనిషికి చప్పిడి కూడు పెట్టి ఏం సాధిస్తాం?

ఐసీడీ దగ్గరే ఎక్కువ కాలం పట్టింది. షాక్ ఆపడమంటే గుండెని ఆపడమని కొడుకు భయపడ్డాడు. బొమ్మ గీసి చూపించాం: లయ తప్పితే కొట్టే షాక్ వేరు, గుండె మరీ నెమ్మదిస్తే తట్టి లేపే పేసింగ్ వేరు, మొదటిది ఆపి రెండోది ఉంచుతాం, ఆపే పనిలో నొప్పి ఉండదు, ఆపినంత మాత్రాన ఆ క్షణాన ఏమీ జరగదు. కార్డియాలజిస్టు ఆర్డర్ రాశారు, కంపెనీ టెక్నీషియన్ ఐసీడీ సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్ యంత్రం తెచ్చి కొన్ని నిమిషాల్లో పని ముగించాడు. అతను వచ్చేదాకా వరసగా షాక్‌లు కొడితే ఛాతీ మీద పెట్టి ప్లాస్టర్ అంటించమని గుండ్రటి అయస్కాంతం ఒకటి కూతురి చేతికిచ్చాం. చాలా పరికరాల్లో అది మీద ఉన్నంతసేపు షాక్ రాదు.

ఇది చట్టానికి విరుద్ధమేమోనని ఊళ్ళో పెద్దమనుషులొకరు అనుమానం లేవదీశారు. తెలివిలో ఉండి, అన్నీ అర్థం చేసుకున్న రోగి తనకి వద్దన్న చికిత్సని ఆపడం వేరు, ప్రాణం తీయడం వేరు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో గౌరవంగా చనిపోయే హక్కునీ ముందస్తు వైద్య ఆదేశాన్నీ గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసి, మేజిస్ట్రేట్ సంతకం బదులు ఇద్దరు సాక్షులతో నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలంది. ఆయన చేత అది కూడా రాయించాం, ఆయన మాటల్లోనే.

తర్వాత

సంక్రాంతి ఇంట్లోనే చేసుకున్నాడు. శివరాత్రి ముందర బరువు ఒక్కసారిగా మూడు కిలోలు పెరిగితే, నర్సు పొట్ట చర్మం కింద చిన్న సూది అమర్చి ఫ్యూరోసెమైడ్ ఎక్కించింది. ఆ చోట కాస్త మంట తప్ప ఇబ్బంది లేదు, అడ్మిషన్ తప్పింది. వేసవిలో ఒక రాత్రి ఆయాసానికి ఇంటివాళ్ళు బెదిరి 108కి ఫోన్ చేశారు; తెల్లారేసరికి ఆయనే గొడవపడి ఇంటికొచ్చేశాడు. చేరిన ఎనిమిది నెలలకి, ఆషాఢంలో పోయాడు. చివరి మూడు రోజులు మూత్రం తగ్గి, మత్తుగా ఉండి చేతులు ఉలిక్కిపడుతుంటే మార్ఫిన్ పేరుకుందని గ్రహించి పూటలు దూరం చేశాం. షాక్ కొట్టలేదు.

ఇందులో ఒక విషయం చూడండి. ఆరు నెలలు దాటినప్పుడు ఆయన బరువు నిలకడగా ఉంది, అడ్మిషన్లు లేవు, రాత్రులు నిద్రపోతున్నాడు. మెడికేర్ లెక్క ప్రకారమైతే ఆ దశలో డాక్టరు ఎదురుగా కూర్చుని చూసి, ఇంకా ఆరు నెలల్లోపే పోతాడని మళ్ళీ రాయాలి. రాయలేకపోతే బతికుండగానే హాస్పీస్ నుంచి డిశ్చార్జ్. మేలుగా ఉన్నది మా మందులు, మా ఫోన్ల వల్ల. అవి తీసేస్తే ఆ మేలు వారం కూడా నిలవదు. సాయం పనిచేసిందన్న కారణంతో సాయం ఆపే పద్ధతి గుండె రోగికి ఎక్కువగా తగులుతుంది.

మా బృందంలోనే ఒక సహోద్యోగికి దీని మీద అభ్యంతరముంది. అవసరాన్ని బట్టి చేర్చుకుంటూ పోతే జిల్లాలో ఉన్న గుండె రోగులంతా వస్తారు, ఉన్నది ఒక బండి, ఇద్దరు నర్సులు, నెలల గడి లేకపోతే ఎవరిని ఆపుతామంటాడు. న్యాయమైన ప్రశ్నే. మేం కుదుర్చుకున్నది ఇది: గుండె రోగి ఉపశమన సేవలోకి రావడానికి గుండె డాక్టర్ని వదలక్కర్లేదు, కాబట్టి నిలకడగా ఉన్న నెలల్లో వారానికొక ఫోన్, పదిహేను రోజులకొకసారి ఇంటికి నర్సు. బరువు పెరిగినా, రాత్రి కూర్చోవాల్సి వచ్చినా మర్నాడే బండి. ఫారంలో ఆయుష్షు గడి కొట్టేసి ఆ చోట నాలుగు రాశాం: సరిచేయగల కారణాలు వెతికారా, గుండె మందులు ఎంతవరకు తట్టుకున్నాడు, ఐసీడీ ఉందా, ఉంటే షాక్ గురించి రోగితో ఎవరు మాట్లాడారు. కార్డియాలజీ నుంచి వచ్చే ఫారాల్లో చివరి గడి ఇప్పటికీ ఎక్కువగా ఖాళీగానే వస్తోంది. దాన్ని నింపించడానికి డిశ్చార్జ్‌కి ముందే మా నర్సు వార్డుకి వెళ్ళి రావడం ఈ మధ్యే మొదలుపెట్టాం.